బాలానగర్ లేత్ షాపులో చేయించిన స్కోప్ లెన్స్ బ్రాకెట్: నాలుగు ప్రదర్శనల తర్వాత

చిక్కడపల్లిలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 16 ఎంఎం ప్రొజెక్టర్ మీద సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) ప్రింట్లు వేసుకోవడానికి, పాత స్కోప్ లెన్సును ప్రొజెక్టర్ ముందు నిలబెట్టే బ్రాకెట్‌ను బాలానగర్‌లోని ఒక చిన్న లేత్ షాపులో చేయించుకున్నాను. దానితో నాలుగు ప్రదర్శనలు పూర్తయ్యాయి కనుక ఆ పనితనం గురించి ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

సెల్లార్‌లో స్కోప్ ఎందుకని కొందరు అడిగారు. దూలాల కింద మాకు దొరికే ఎత్తు చాలా తక్కువ, వెడల్పు మాత్రం ధారాళంగా ఉంది. మా ప్రొజెక్టర్‌కు 50 ఎంఎం లెన్స్ ఉంది. గోడ 10 మీటర్ల దూరంలో ఉంది. మామూలు బొమ్మ 1.93 మీటర్ల వెడల్పు, 1.45 మీటర్ల ఎత్తు వస్తుంది. స్కోప్ లెన్స్ తగిలిస్తే ఎత్తు అలాగే ఉండి వెడల్పు 3.86 మీటర్లవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెత్యాఁ రూపొందించిన ఈ పద్ధతి 1953లో హాలీవుడ్ ద్వారా థియేటర్లకు చేరింది. తెలుగులో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ తొలి స్కోప్ చిత్రం. చిత్రీకరణలో బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పట్టిస్తారు, ప్రదర్శనలో ఈ లెన్స్ దాన్ని తిరిగి రెట్టింపు వెడల్పుకు విప్పుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు లెన్స్ గుండ్రంగా తిరిగినా బొమ్మకు ఏమీ కాదు. స్కోప్ లెన్స్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా నిలువు స్తంభాలు ఒరిగిపోతాయి, మనుషుల ముఖాలు వంకరపోతాయి. పైగా అది బరువైనది. ఆ బరువు ప్రొజెక్టర్ లెన్స్ గొట్టం మీద పడితే ఫోకస్ నిలవదు. జుమ్మేరాత్ బజార్‌లో నాకు దొరికిన లెన్స్‌తో పాటు బిగింపు సామాను ఏదీ రాలేదు. మొదట్లో చెక్కదిమ్మ మీద పెట్టి రబ్బరు పట్టీలతో కట్టాను. ప్రొజెక్టర్ అదురుకు పది నిమిషాల్లోనే బొమ్మ వాలిపోయేది.

లేత్ షాపు మేస్త్రీ ఇంతకు ముందు ఇటువంటి వస్తువు చేసినవాడు కాకపోయినా, చూసిన వెంటనే సరైన మాట అన్నాడు: "ఇనుము పెడితే గీతలు పడతయ్ సార్, అల్యూమినియం పెడదాం." లెన్స్ చుట్టూ రింగు, దానికి నైలాన్ మొనలున్న మూడు స్క్రూలు, ముందుకూ వెనక్కూ జరిగే పట్టా, బరువును నేరుగా బల్ల మీదకు దించే కడ్డీ చేశాడు. ఆ జరిగే పట్టా నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే స్కోప్ లెన్స్ వెనుక గాజు మామూలు లెన్స్‌కు వీలైనంత దగ్గరగా లేకపోతే బొమ్మ మూలలు చీకటిగా మారతాయి. మూడు రోజులన్న పని ఎనిమిది రోజులు పట్టింది. మొదటి రింగు అర మిల్లీమీటరు వదులుగా వచ్చింది కానీ, వెర్నియర్‌తో మళ్ళీ కొలిచి, అదనంగా ఏమీ తీసుకోకుండా లేత్ మీద కొత్తది చేసి ఇచ్చాడు. మొత్తం 2,800 రూపాయలయింది. ఆ పనికి అది న్యాయమైన ధరే.

సర్దే పద్ధతి కూడా చెప్పాలి. ముందు స్కోప్ లెన్స్ లేకుండా ఫోకస్ చేసుకుని, తర్వాత దాన్ని తగిలించి, దాని మీది దూరాల రింగును 10 మీటర్ల దగ్గర పెట్టాలి. అడ్డగీతలు మసకగా ఉంటే ప్రొజెక్టర్ మామూలు లెన్స్‌ను, నిలువు గీతలు మసకగా ఉంటే స్కోప్ లెన్స్‌ను సవరించాలి. లెన్స్ వాలు చూడటానికి గోడ పక్కన దారానికి బరువు కట్టి వేలాడదీసి, బొమ్మలోని తలుపు అంచును ఆ దారంతో పోల్చుకుంటున్నాను. తెలుగు టైటిళ్లు ఉన్న ప్రింటయితే సున్నలే మంచి కొలమానం: విప్పకముందు నిలబెట్టిన కోడిగుడ్లలా ఉన్న సున్నలు లెన్స్ పెట్టగానే గుండ్రమవుతాయి. మొదటిసారి ఆ మార్పు చూసినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

వెలుతురు విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. అదే కాంతి రెండింతల చోటు మీద పరచుకుంటుంది కనుక బొమ్మ సగం మసకబారుతుంది. మా 250 వాట్ల బల్బుకు ఈ వెడల్పే హద్దు. ర్యాంపు వైపు టార్పాలిన్ కట్టి, సెల్లార్ దీపాలన్నీ ఆపితేనే ముదురు రంగులు కనిపిస్తాయి. ప్రొజెక్టర్‌ను ఎత్తున పెట్టి కిందికి వంచితే బొమ్మ కింది అంచు వెడల్పవుతుంది, స్కోప్‌లో ఆ లోపం మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే బల్లను గోడకు సూటిగా, బొమ్మ మధ్య ఎత్తులోనే ఉంచుతున్నాను.

బ్రాకెట్‌లో మిగిలిన లోపం ఒకటే. రెండో రీలు పూర్తయ్యేసరికి అదురుకు ఒక స్క్రూ కొద్దిగా వదులవుతోంది. మేస్త్రీ లాక్ నట్ వేసి ఇస్తానన్నాడు, వచ్చే వారం బాలానగర్ తీసుకెళ్తున్నాను.