బ్లాక్ ట్యాంకుతో మూడున్నరేళ్ళ కాపురం

2021 అక్టోబరులో 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మేముండేది డాలస్ పక్కన. ట్రైలర్ కంపెనీ పేరు చెప్పను, పడిన తిప్పల్లో సగానికి పైగా మా చేతులారా తెచ్చుకున్నవే. కొనేటప్పుడు మంచాలు చూశాం, ఏసీ చూశాం, బయట నీడకి చాచుకునే ఆనింగ్ పందిరిని మూడుసార్లు తెరిచి మూసి మురిసిపోయాం. కింద ఉన్న ట్యాంకుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పుడెవరైనా ఆర్వీ (ఇలాంటి చక్రాల ఇళ్ళని ఇక్కడ అలాగే అంటారు) కొంటున్నానని ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది, టాయిలెట్ సరిగ్గా ట్యాంకు మీదే ఉందా, లేక పైపు వంపు తిరిగి పోతుందా అని. తింటూ చదువుతుంటే ఇక్కడే ఆపి, చేయి కడుక్కుని రండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మంచినీళ్ళకి ఒక ట్యాంకు, సింకు, షవర్ నీళ్ళకి గ్రే ట్యాంకు, టాయిలెట్‌కి బ్లాక్ ట్యాంకు. మా గ్రే, బ్లాక్ చెరో 32 గ్యాలన్లు, అంటే ఒక్కొక్కటి సుమారు 120 లీటర్లు. బ్లాక్ ట్యాంకు నుంచి బయటికి వచ్చే పైపు 3 అంగుళాలది, దానికి పలక లాగా జరిగే గేటు వాల్వ్ ఉంటుంది. ఈ కథంతా ఆ వాల్వ్‌తోనే మొదలైంది.

మా మొదటి పెద్ద ట్రిప్పులో అమరిల్లోలో ఒక ఆర్వీ పార్కులో తొమ్మిది రోజులున్నాం. ఫుల్ హుకప్ ఉంది, అంటే నీళ్ళు, కరెంటు, మురుగు లైను మూడూ సైట్ దగ్గరే, మురుగు పోయే హోస్ తగిలించే ఉంది, ఇంట్లో లాగే ఎప్పటిది అప్పుడే పోతుందిలే అనుకుని బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలేశా. అక్కణ్ణుంచి పాలో డ్యూరో కాన్యన్ వెళ్ళాం. అక్కడ సైట్లకి నీళ్ళు, కరెంటు ఉంటాయి గానీ మురుగు లైను ఉండదు, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కి బండి తీసుకెళ్ళాలి. రెండో రోజు పొద్దున టాయిలెట్ ఫ్లష్ పెడల్ తొక్కితే నీళ్ళు కిందికి దిగలేదు. టార్చి వేసి చూశా. చూడకుండా ఉండాల్సింది. నీళ్ళేమో తొమ్మిది రోజులూ హోస్‌లోంచి జారిపోయాయి, మిగతా సరుకంతా టాయిలెట్ కింద కుప్ప పడి, గోపురంలా పెరిగి, పైపు మూతి దాకా వచ్చి గట్టిపడింది. డంప్ స్టేషన్‌లో వాల్వ్ లాగితే, హోస్ మొదట్లో మోచేయిలా వంగి ఉండే గాజు లాంటి ప్లాస్టిక్ ముక్కలోంచి పచ్చటి నీళ్ళు ఒక గ్లాసుడు వచ్చి ఆగిపోయాయి. నా వెనక నాలుగు బళ్ళు లైన్లో ఉన్నాయి.

ఆ రాత్రి వాట్సాప్‌లో నాన్నకి చెప్పా. ఆయన తెనాలి దగ్గర పంట కాలవల మీద పెరిగిన మనిషి. నవ్వి, "గేటు బిగించి నిండనిచ్చి ఒక్కసారి వదలాలి గానీ, సన్నగా పారే కాలవ మేట వేయకేం చేస్తుందిరా" అన్నారు. మూడున్నరేళ్ళలో నేను కొన్న డబ్బాలూ సీసాలూ ఏవీ ఈ ఒక్క మాటంత పని చేయలేదు.

బాగు చేసుకున్నది ఇలా. వాల్వ్ మూసేసి, కుప్ప మీద పడేలా టాయిలెట్‌లోంచి వేడినీళ్ళు బకెట్ తర్వాత బకెట్ మెల్లగా పోశాం. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, అదంతా ప్లాస్టిక్. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి రాత్రంతా నాననిచ్చాం. తెల్లారి నీళ్ళు దిగడం మొదలుపెట్టాక ట్యాంకు సగం పైగా నింపి ఇంటికి బయల్దేరాం, దారి పొడుగునా లోపల నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి కదా అదే చిలికినట్టు. దారిలో ఒక ట్రక్ స్టాప్‌లో వాల్వ్ లాగితే గడ్డలు గడ్డలుగా వచ్చింది. అలా నింపి, నాననిచ్చి, వదలడం మూడుసార్లు చేస్తే గానీ నీళ్ళు తేటగా రాలేదు.

అప్పట్నుంచి ఎక్కడున్నా బ్లాక్ వాల్వ్ మూసే ఉంటుంది. మూడింట రెండు వంతులు నిండాకే వదులుతాం, ముందే బయల్దేరాల్సి వస్తే మంచినీళ్ళతో నింపి మరీ వదులుతాం. ముందు బ్లాక్, తర్వాత గ్రే, సబ్బునీళ్ళతో హోస్ అదే కడుక్కుంటుంది. ఖాళీ చేసిన వెంటనే మూడు నాలుగు గ్యాలన్ల నీళ్ళు పోసి అడుగు తడిపి ఉంచుతాం. ఇక్కడివాళ్ళు ట్యాంకు తొందరగా నిండుతుందని పొదుపుగా నీళ్ళు వాడి పేపర్ ఎక్కువ వాడతారు, మొదట్లో మేమూ అదే పొదుపు నేర్చుకున్నాం. తర్వాత టాయిలెట్ పక్కన హ్యాండ్ స్ప్రే పెట్టించుకుని మన పద్ధతికి వచ్చేశాం, కుప్ప సమస్య మళ్ళీ రాలేదు. పేపర్ వాడేవాళ్ళు ఏ బ్రాండైనా రెండు ముక్కలు సీసాడు నీళ్ళలో వేసి ఊపి చూడండి, పీచు పీచుగా విడిపోతే వాడండి. వెట్ వైప్స్ మాత్రం ఫ్లష్ చేయొచ్చని ప్యాకెట్ మీద రాసున్నా వేయకండి.

ఐసు ముక్కల చిట్కా కూడా చేశా. ట్యాంకులో రెండు బస్తాల ఐసు పోసి బండి నడిపితే గోడలు గీకి శుభ్రం చేస్తుందట. నీళ్ళ మీద తేలే ఐసు అడుగునేం గీకుతుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు. కూల్‌డ్రింకుల్లో వేసుకున్నా పిల్లలు సంతోషించేవాళ్ళు.

ట్యాంకులో పోసే మందుల సంగతి. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి వద్దు, సెప్టిక్ ట్యాంకులో పని చేసే బ్యాక్టీరియాని అవి చంపేస్తాయి. ఎంజైమ్ రకం వాడుతున్నా, పర్లేదు. జులైలో టెక్సస్ ఎండకి కంపు కొడితే రెట్టింపు మందు వేసేవాణ్ణి, తీరా చూస్తే లోపల నీళ్ళు తక్కువ, అంతే. ఇంకోటి, టాయిలెట్ గిన్నెలో కొంచెం నీళ్ళు ఎప్పుడూ నిలబడి ఉండాలి. నిలవట్లేదంటే కింది రబ్బరు సీల్ పోయినట్టే, కంపు నేరుగా పైకి వస్తుంది. పైకప్పు ఫ్యాన్ వేసి ఫ్లష్ చేస్తే కూడా ట్యాంకులో గాలంతా లోపలికి లాగుతుంది, ముందు ఫ్యాన్ ఆపండి.

ట్యాంకు ఎంత నిండిందో చెప్పే సెన్సార్లంత అబద్ధాలకోరు వస్తువు ఇంకోటి లేదు. ట్యాంకు గోడకి గుచ్చిన స్క్రూల్లాంటివి అవి, తడి తగిలితే కరెంటు పారి లైటు వెలుగుతుంది. వాటి మీద ఒక్క పేపర్ ముక్క అంటుకుంటే చాలు, ఇప్పుడే ఖాళీ చేసిన ట్యాంకు మూడింట రెండు వంతులు నిండి ఉందంటుంది. ఏడాదిన్నర ఆ లైట్లు చూసి టెన్షన్ పడ్డాక, 2023 వేసవికి ముందు సీలెవెల్ అనే సిస్టమ్ బిగించా. దాని పట్టీ ట్యాంకు బయట అంటించేది, లోపల మురికి తగిలేదేమీ ఉండదు, శాతాల్లో చూపిస్తుంది. బిగించడానికి కింద ఉన్న ప్లాస్టిక్ షీటు కోసి, వెల్లకిలా పడుకుని, ట్యాంకు గోడ ఆల్కహాల్‌తో తుడిచి పట్టీ అంటించడానికి ఒక శనివారమంతా పట్టింది. ఇన్నేళ్ళలో పెట్టిన డబ్బుకి పూర్తిగా న్యాయం జరిగింది దీనికే.

అదే వేసవి అమ్మానాన్నా వచ్చారు. వాళ్ళతో మూడు వారాలు తిరిగాం, అప్పుడు బయటపడింది అసలు విలన్ గ్రే ట్యాంకు అని. అమ్మ రోజూ పప్పు, చారు, వేపుడు. బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన చారు, మూకుడులో నూనె, ఆవాలూ కరివేపాకుతో సహా అన్నీ సింకులోకే. పదో రోజుకి ట్రైలర్‌లో కుళ్ళిన కుడితి వాసన. నేను బ్లాక్ ట్యాంకు మీద అనుమానంతో మందు మీద మందు పోస్తుంటే, నాన్న సింకు దగ్గర వంగి వాసన చూసి, "ఇది దొడ్డి కంపు కాదురా, వంటింటి కంపు" అన్నారు. ఇప్పుడు మూకుడు టిష్యూతో తుడిచాకే సింకులోకి వెళ్తుంది, జల్లెడ పెట్టాం, వారానికోసారి గ్రే ట్యాంకు కూడా డిష్ లిక్విడ్, వేడినీళ్ళతో కడుగుతాం. అలా చేసినా కొంచెం వాసన మిగిలితే సింకు కింద చిన్న గాలి వాల్వ్ ఉంటుంది, లోపలికి గాలి పీల్చి మురుగు వాసన బయటికి రాకుండా ఆపేది, అది అరిగిపోయిందేమో చూడండి. మాది అరిగింది, చేత్తో తిప్పి మార్చేశా.

ఒక్క ప్రమాదం మాత్రం చెప్పాలి. ట్యాంకు లోపల కడగడానికి బయట నీళ్ళ పైపు తగిలించే చోటు ఉంటుంది. వాల్వ్ మూసి, నింపుదామని నీళ్ళు వదిలి, ఆఫీసు ఫోన్ వస్తే అటు వెళ్ళా. మా ఆవిడ అరుపు వినపడే సరికి టాయిలెట్ గిన్నె అంచు దాకా వచ్చింది, ఇంకో నిమిషమైతే కార్పెట్ పోయేది. ఇప్పుడు ఆ పైపు తగిలిస్తే ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టి అక్కడే నిలబడతా.

వాల్వ్ లీకు కూడా చూశాం. చివర మూత తిప్పగానే కప్పుడు నీళ్ళు బూట్ల మీద పడేవి. నాలుగు బోల్టులు, రెండు రబ్బరు సీళ్ళు, గంట పని, కానీ ఆ గంట చేయాలనిపించక ఏడాది పాటు చివర్లో ఇంకో ట్విస్ట్ వాల్వ్ తగిలించి నెట్టుకొచ్చా. అది రెండో కాపలాదారుగా ఇప్పటికీ ఉంది. హోస్ విషయంలో పిసినారితనం వద్దు, మొదటి చవక హోస్ రెండో ఏడాదే చిల్లి పడింది, ఎక్కడ పడిందో ఎలా తెలిసిందో రాయను. రైనోఫ్లెక్స్ అనే హోస్ తీసుకున్నాక ఇబ్బంది లేదు.

ప్రస్తుతం బ్లాక్ వాల్వ్ లాగే కేబుల్ కొంచెం బిగుసుకుంటోంది. వచ్చే ఆదివారం కింద దూరి గ్రీజు పెట్టాలి. ఆ పనికి వేసుకునే చొక్కా ఒకటి విడిగా ఉంది, అది గరాజ్ దాటి లోపలికి రాకూడదని మా ఇంట్లో చట్టం.