స్పియన్ కాప్ కొండ, లేడీస్మిత్ ఊరు: నాటల్ యుద్ధభూముల్లో మనవాళ్ళ జాడ

దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది బీచ్ చూస్తారు, విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో మసాలాలు కొంటారు, ఫీనిక్స్‌లో గాంధీగారి ఆశ్రమానికి వెళ్తారు, అక్కడితో తిరిగొచ్చేస్తారు. డర్బన్ నుంచి కారులో మూడు గంటలు లోపలికి వెళ్తే లేడీస్మిత్ అనే ఊరు వస్తుంది. 1900 సంవత్సరం మొదలైన రోజున ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ ఊరి పేరే రాస్తున్నాయి. ఊరిని బోయర్లు ముట్టడించారు, లోపల బ్రిటిష్ సైన్యం చిక్కుకుపోయింది, దాన్ని విడిపించడానికి జనరల్ బుల్లర్ టుగేలా నది ఒడ్డున నానా అవస్థలూ పడుతున్నాడు. ఆ సైన్యంలో గాయపడినవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసినవాళ్ళు మద్రాసు నుంచీ కలకత్తా నుంచీ ఓడలెక్కి వచ్చిన మన కూలీలు. ఈ యాత్రకు నేను వెళ్ళింది వాళ్ళ కోసం. ఎక్కడ ఎంతసేపు ఉండాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టక్కర్లేదో ఆ దృష్టితోనే రాస్తున్నాను.

ముందు నేపథ్యం కొంచెం. బోయర్లంటే డచ్ సంతతి రైతులు. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ వాళ్ళ రిపబ్లిక్‌లు. 1886లో జోహానెస్‌బర్గ్ దగ్గర బంగారం దొరికాక బ్రిటిష్ వాళ్ళ కన్ను అటు పడింది. 1899 అక్టోబర్ 11న యుద్ధం మొదలైంది. బోయర్లే ముందు కదిలి డర్బన్, లేడీస్మిత్ ఉన్న బ్రిటిష్ కాలనీ నాటల్‌లోకి వచ్చేశారు. నవంబర్ 2 నుంచి 1900 ఫిబ్రవరి 28 దాకా, 118 రోజులు, లేడీస్మిత్‌ను చుట్టుముట్టి కూర్చున్నారు.

నాటల్‌లో అప్పటికి మన కూలీలు వచ్చి నలభై ఏళ్ళు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911లో ఆపేసేదాకా మొత్తం లక్షన్నర మందికి పైగా వెళ్ళారు. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళే ఎక్కువ, అంటే తమిళులూ, మన విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు వైపు వాళ్ళూ. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది మగవాళ్ళకు నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందం అయిపోయాక కూడా అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. ఆ పన్ను వేసిన ప్రభుత్వం తరఫునే నాలుగేళ్ళకు స్ట్రెచర్లు మోశారు వాళ్ళు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే అక్కడి ప్రతి రాయీ వేరుగా కనిపిస్తుంది.

ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డర్బన్ వెళ్ళడం తేలిక. వీసా ముందే తీసుకోవాలి, కాగితాలు ఎక్కువే అడుగుతారు, కాబట్టి టికెట్ల కంటే ముందు దాని పని చూడండి. అక్కడ కారు అద్దెకు తీసుకోవడమే మంచిది. బండి మనలాగే ఎడమ వైపు నడపాలి, హైవే బాగుంటుంది, పెట్రోల్ బంకులో మనిషే వచ్చి పోస్తాడు, అతనికి కొంచెం టిప్ ఇవ్వడం ఆనవాయితీ. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు. చీకటి పడ్డాక పల్లె రోడ్లమీద నడపకండి. గుంతలు ఉంటాయి, పశువులు రోడ్డుకు అడ్డం వస్తాయి. కారు సీట్లో బ్యాగు, ఫోను వదిలి దిగకండి.

దారిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్ దగ్గర ఒక గంట ఆగొచ్చు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని రైలు దింపేసిన చోటు. ప్లాట్‌ఫాం మీద ఫలకం ఉంది. ఎర్ర ఇటుకల స్టేషన్ భవనం అందంగా ఉంది. అంతకంటే ఎక్కువ టైం ఇక్కడ పెట్టనవసరం లేదు.

కొలెన్సో అలా కాదు. పైకి చూడటానికి అక్కడ ఏమీ లేదనిపిస్తుంది: నది, రైలు వంతెన, పొదలు, చిన్న ఊరు. కానీ 1899 డిసెంబర్ 15న బుల్లర్ ఇక్కడ నది దాటబోయి చావుదెబ్బ తిన్నాడు. అవతలి ఒడ్డున కందకాల్లో దాక్కున్న బోయర్లు ఒక్కరు కూడా కనిపించలేదని బ్రిటిష్ సైనికులు చెప్పుకున్నారు. చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, దొరికిపోయినవాళ్ళు కలిపి వెయ్యికి పైనే. పది ఫిరంగులు పోయాయి. వాటిని వెనక్కి లాగబోయి బ్రిటిష్ సేనాని లార్డ్ రాబర్ట్స్ ఒక్కగానొక్క కొడుకు ఫ్రెడ్డీ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. అతని సమాధి దగ్గర్లోనే చీవ్‌లీలో ఉంది. ఆ వారంలో మూడు చోట్ల ఓడిపోయినందుకు లండన్‌లో దాన్ని బ్లాక్ వీక్ అన్నారు. గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం మొదట పనిలోకి దిగింది ఇక్కడే. గైడ్ లేకుండా వస్తే కొలెన్సో పది నిమిషాల్లో అయిపోతుంది. గైడ్ ఉంటే రెండు గంటలు చాలవు. నా సలహా: మొత్తం యాత్రలో ఒకే ఒక్క చోట ఖర్చుకు వెనకాడకూడదు అనుకుంటే అది రిజిస్టర్డ్ బ్యాటిల్‌ఫీల్డ్ గైడ్ మీద. మాకు దొరికిన ఆయన జూలూ మనిషి, స్కూల్ టీచర్‌గా రిటైరయ్యారు. నది ఒడ్డున నిలబెట్టి, చేతికర్రతో మట్టిలో గీసి, ఏ దళం ఎటు నుంచి వచ్చిందో చూపించారు. భారతీయుల గురించి అడిగితే ముఖం వెలిగిపోయింది, ఎవరూ అడగరని అన్నారు. బుక్ చేసేటప్పుడే "స్ట్రెచర్ బేరర్ల గురించి తెలుసుకోవాలి" అని రాసేయండి, వాళ్ళు తయారై వస్తారు. మేం మొదట డర్బన్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీ అడిగితే, కొలెన్సోను బస్సు కిటికీలోంచి చూపించి పోయే ప్లాన్ ఇచ్చారు. అలాంటిది ఒప్పుకోకండి.

బస విషయంలో రెండు దారులు ఉన్నాయి. లేడీస్మిత్ ఊళ్ళో గెస్ట్‌హౌస్, లేదా స్పియన్ కాప్ వైపు ఫాంహౌస్ లాంటి లాడ్జి. ఊళ్ళో చవక, తిండి దొరుకుతుంది, మ్యూజియానికి నడిచి వెళ్ళొచ్చు. మేం దిగిన ఒక గెస్ట్‌హౌస్‌లో డిన్నర్ ఉంటుందని బుకింగ్‌లో రాసి, తీరా వెళ్ళాక వంటమనిషి రాలేదన్నారు. గది మాత్రం శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. లాడ్జి ఖరీదు దాదాపు రెట్టింపు, కానీ ఉదయం లేచి తలుపు తీస్తే ఎదురుగా కొండ ఉంటుంది, దూరంగా డ్రేకెన్స్‌బర్గ్ పర్వతాలు నీలంగా కనిపిస్తాయి. శాకాహారం అని ముందే చెబితే పప్పు, కూరగాయలు చేసి పెట్టారు. నా లెక్కలో ఒక రాత్రి ఊళ్ళో, ఒక రాత్రి లాడ్జిలో ఉంటే రెండూ దక్కుతాయి. ఏదైనా సరే, కరెంటు పోతే ఏర్పాటు ఏమిటని అడిగి తీసుకోండి. మే నుంచి ఆగస్టు దాకా ఎండ హాయిగా ఉంటుంది, రాత్రిళ్ళు మాత్రం ఎముకలు కొరికే చలి, మంచి స్వెట్టర్ ఉండాల్సిందే.

లేడీస్మిత్ ఊరికి సగం రోజు చాలు. ముర్చిసన్ వీధిలో టౌన్ హాల్, దాని పక్కన సీజ్ మ్యూజియం. టౌన్ హాల్ గడియార స్తంభాన్ని ముట్టడిలో ఒక గుండు పగలగొట్టింది, తర్వాత బాగుచేశారు. మ్యూజియం చిన్నదే, ఓపిగ్గా చదివేవాళ్ళకు బాగుంటుంది. పిల్లలతో వెళ్తే వాళ్ళు అరగంటకే విసుగుపడతారు. ముట్టడిలో గుళ్ళకంటే టైఫాయిడ్‌కు చనిపోయినవాళ్ళు ఎక్కువ, చివరికి గుర్రాలను కోసుకుని తిన్నారు. ఊరికి తూర్పున బుల్వానా కొండ కనిపిస్తుంది. దాని మీద బోయర్లు లాంగ్ టామ్ అనే పెద్ద ఫిరంగి పెట్టారు, ఒక్కో గుండు నలభై కిలోల పైమాట. ఆ ఫిరంగి నోట్లో మెరుపు కనిపించగానే ఊరిని హెచ్చరించే పని పర్భూ సింగ్ అనే ఒప్పంద కూలీ చేశాడు. గుళ్ళు పడుతున్నంతసేపూ చోటు వదలకుండా కాపలా కాశాడు. అతను గంట కొట్టగానే జనం గోతుల్లోకి దూకేవాళ్ళు. యుద్ధం అయ్యాక ఇండియా వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ అతనికి కశ్మీరీ అంగీ బహుమతిగా పంపింది. కూలీల్లో పేరు మిగిలిన కొద్దిమందిలో అతనొకడు. ఆ వీధిలో నిలబడి బుల్వానా వైపు ఒకసారి చూడండి. అంత దూరం నుంచి మెరుపు చూసి, గుండు వచ్చి పడేలోపు గంట కొట్టడానికి అతనికి ఉన్నవి కొన్ని క్షణాలే.

ఊళ్ళో విష్ణు ఆలయం ఆవరణలో గాంధీ విగ్రహం ఉంది, అక్కడికీ వెళ్ళండి. మధ్యాహ్నం మన ఇండియన్ షాపులో బన్నీ చౌ తినండి. బ్రెడ్ ముక్కను గుంటలా తవ్వి అందులో కూర నింపి, తీసిన మెత్తటి బ్రెడ్‌ను పైన మూతలా పెట్టి ఇస్తారు. శాకాహారులకు బీన్స్ కూరతో చేస్తారు. క్వార్టర్ అని అడిగితే ఒక మనిషికి సరిపోతుంది. పక్కన తురిమిన క్యారెట్, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. చేత్తోనే తినాలి, కారం మన గుంటూరుకు ఏమీ తీసిపోదు.

ఇక స్పియన్ కాప్. ఈ ఒక్క కొండకు కనీసం సగం రోజు కేటాయించండి, పొద్దున్నే వెళ్ళండి. గేటు దగ్గర టికెట్ తీసుకుని, చివర్లో మట్టిరోడ్డు మీద పైదాకా కారులోనే వెళ్ళొచ్చు. వాన లేని రోజైతే చిన్న కారు చాలు. పైన నీళ్ళు, నీడ ఉండవు, రెండూ వెంట తీసుకెళ్ళాలి.

1900 జనవరి 23 రాత్రి బ్రిటిష్ సైనికులు చీకట్లో ఈ కొండ ఎక్కారు. తెల్లవారుజామున దట్టమైన మంచు. శిఖరం అంచు ఇదే అనుకుని కందకం తవ్వారు. నేల రాయి, పార దిగలేదు, మోకాలి లోతు కూడా రాలేదు. మంచు విడిపోయాక తెలిసింది, అసలు అంచు ముందుకు ఉంది, పక్కనున్న ఆలో నాల్, కోనికల్ హిల్ గుట్టల మీద నుంచి బోయర్లకు వాళ్ళు నేరుగా కనిపిస్తున్నారు. రోజంతా ఆ ఎండలో, నీళ్ళు లేకుండా, బోయర్ల జనరల్ లూయీ బోథా నడిపిన తుపాకుల కింద పడి ఉన్నారు. రాత్రికి బ్రిటిష్ కల్నల్ థోర్నీక్రాఫ్ట్ ఇక నిలవలేమని దిగిపోయాడు. అప్పటికి బోయర్లలో కూడా చాలామంది ఓడిపోయామనుకుని దిగిపోయారు. తెల్లారి వాళ్ళు తిరిగి వచ్చి చూస్తే కొండ మీద శవాలే ఉన్నాయి. ఆ కందకాన్నే సమాధి చేశారు. ఇప్పుడది తెల్లటి రాళ్ళ వరుసగా, వంపు తిరిగి, గడ్డిలో చాలా దూరం సాగుతుంది. దాని పక్కన నడుస్తూ పోతే ఎంత ఇరుకు జాగాలో అంతమంది పడుకున్నారో కాళ్ళకు తెలుస్తుంది. లివర్‌పూల్ ఫుట్‌బాల్ మైదానంలో అభిమానుల స్టాండును కాప్ అనేది ఈ కొండ పేరు మీదే.

ఆ రోజు ఈ చుట్టుపక్కల ముగ్గురు మనుషులు ఉన్నారు: బోయర్ల వైపు బోథా, సందేశాలు మోస్తూ కొండ ఎక్కి దిగిన చర్చిల్, స్ట్రెచర్లతో గాంధీ. గైడ్లందరూ ఈ మాట తప్పకుండా చెబుతారు. నాకు మిగతా వెయ్యి మందే కావాలి. దళంలో దాదాపు 1,100 మంది. అందులో మూడు వందల మంది స్వేచ్ఛగా బతుకుతున్నవాళ్ళు, మిగిలినవాళ్ళంతా ఒప్పంద కూలీలు. కాల్పులు జరిగే చోటికి వెళ్ళనక్కర్లేదని వాళ్ళకు ముందు మాటిచ్చారు. స్పియన్ కాప్‌లో ఓటమి ఎదురయ్యాక, వస్తే మేలు చేసినవాళ్ళవుతారని బుల్లర్ కబురు పెడితే వెళ్ళారు. గాయపడిన జనరల్ వుడ్‌గేట్‌ను కూడా వాళ్ళే మోశారు. ఒక్కో రోజు ఇరవై, ఇరవై ఐదు మైళ్ళు స్ట్రెచర్లతో నడిచారు. యుద్ధ పతకాలు వచ్చింది నాయకులుగా లెక్కకెక్కిన 37 మందికి. కొండ మీద బ్రిటిష్ రెజిమెంట్ల స్తంభాలున్నాయి, బోయర్లకు స్తంభం ఉంది, పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ ఎనిమిది వందల మంది కూలీల పేర్లు నేను చూసిన ఏ రాయి మీదా లేవు. మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ళే ఎక్కువ కాబట్టి అందులో తెలుగువాళ్ళు ఉండకుండా ఉండరని నా నమ్మకం. కొండ దిగే దారిని చూస్తే, ఆ రాళ్ళలో నలుగురు కలిసి ఒక మనిషిని మోసుకు దిగడం ఎంత కష్టమో అడక్కుండానే అర్థమవుతుంది.

సమయం ఉన్నవాళ్ళు ఇక్కడి నుంచి నాలుగు వందల కిలోమీటర్లు నడిపి బ్లూంఫాంటైన్ వెళ్ళొచ్చు. బోయర్ల ఇళ్ళు తగలబెట్టి ఆడవాళ్ళనూ పిల్లలనూ బ్రిటిష్ వాళ్ళు క్యాంపుల్లో పెట్టారు. 26 వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. 1913లో వాళ్ళ కోసం కట్టిన ఇసుకరాతి స్తంభం, పక్కన యుద్ధ మ్యూజియం ఉన్నాయి. నల్లవాళ్ళ క్యాంపులు వేరే ఉండేవి, అక్కడా వేలల్లో పోయారు, వాళ్ళను తలుచుకోవడం చాలా ఆలస్యంగా మొదలైంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఈ చోటు సిఫారసు చేయను. పెద్దవాళ్ళు మాత్రం తప్పక చూడాలి. ఈ యుద్ధంలో దొరికిన బోయర్ ఖైదీలను కొన్ని వేలమందిని ఇండియాకు పంపారు. వాళ్ళను ఉంచిన ఊళ్ళలో మన పక్కనే ఉన్న బళ్ళారి కూడా ఒకటి.

ఒక మార్పు మాత్రం చెబుతాను: డర్బన్‌లో డెర్బీ స్ట్రీట్‌లో మన కూలీల చరిత్ర చూపించే 1860 హెరిటేజ్ సెంటర్‌ను ఆఖరి రోజుకు వదలకుండా మొదటి రోజే చూడండి. అక్కడ కలిసిన ఒక పెద్దాయన ఇంటిపేరు నాయుడు. అక్కడి ఇండియన్ కుటుంబాల్లో పెద్దవాళ్ళను పిలిచినట్టే నేనూ అంకుల్ అన్నాను. ఆయనకు తెలుగు మాట్లాడటం రాదు, కానీ అక్కడి తెలుగువాళ్ళ సంఘమైన ఆంధ్ర మహాసభ వాళ్ళ రామభజన పాటలు మొత్తం నోటికి వచ్చు. ఓడల జాబితాలు ఉంటాయనీ, వాటిలో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసి ఉంటాయనీ ఆయనే చెప్పారు. మీ ఇంట్లో ఎవరైనా "మా తాతగారి అన్న నేటాలు (నాటల్) వెళ్ళిపోయాడట" అనేవాళ్ళుంటే, ఆయన పేరూ, తండ్రి పేరూ, ఊరూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఊరి పేరు పాత ఉచ్చారణలో ఎలా రాసి ఉండొచ్చో రెండు మూడు రకాలుగా రాసుకోండి, ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాశారు.