పరిశోధకులకు ఏది మేలు: రాసి ఉన్న పని గంటలా, హద్దులేని ల్యాబు వేళలా?

పీహెచ్‌డీ ముగింపుకు వచ్చిన మన విద్యార్థులు పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి) ఎక్కడికి వెళ్లాలా అని ఆలోచించేటప్పుడు జీతాన్నీ, ప్రొఫెసరు పేరునూ, రాబోయే పేపర్లనూ లెక్క వేసుకుంటారు గానీ, అక్కడ వారానికి ఎన్ని గంటలు పనిచేయవలసి వస్తుందన్న ప్రశ్నను చివరికి నెట్టేస్తారు. ఆ ప్రశ్ననే ముందు పెట్టుకుని రెండు పద్ధతులను ఇక్కడ పోల్చి చూద్దాం. ఒకటి జర్మనీలో మాదిరిగా పని గంటలు ఒప్పందంలో రాసి ఉండే పద్ధతి. రెండోది అమెరికాలోనూ, మన దేశపు ల్యాబుల్లోనూ ఎక్కువగా కనిపించే, హద్దు ఎక్కడా రాసి ఉండని పద్ధతి.

జర్మనీలో అనేక పరిశోధనాలయాలను నడిపే మాక్స్ ప్లాంక్ సొసైటీ 2015 నుంచి తన పీహెచ్‌డీ విద్యార్థులకు స్టైపెండుకు బదులు ఉద్యోగ ఒప్పందం ఇస్తోంది. దానికి ఆధారమైన జర్మనీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వేతన ఒప్పందం ప్రకారం పూర్తికాలం పనిచేసేవారికి వారానికి 39 గంటల పని, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఉంటాయి. దానికి తోడు 1994 నాటి పని వేళల చట్టం రోజుకు 8 గంటలు, తర్వాత సర్దుబాటు చేసే షరతు మీద 10 గంటల వరకు అనుమతిస్తుంది. ఒక రోజు పనికీ మరునాటి పనికీ మధ్య 11 గంటల విరామం ఉండాలంటుంది. ఆదివారం పనిని సాధారణంగా నిషేధిస్తూనే, ఆపకుండా సాగవలసిన పరిశోధనకు మినహాయింపు ఇచ్చి, అలా వచ్చినవారికి రెండు వారాల లోపల బదులు విశ్రాంతి దినం ఇవ్వాలని చెబుతుంది. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే.

ల్యాబులో పెరిగే కణాలకు ఆదివారం తెలియదు కదా అని గంటల పద్ధతిని కాదనేవారు అంటారు. ఇందులో నిజం ఉంది, కానీ అనుకున్నంత లేదు. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలతో పనిచేసేవారికి ఇంకా మగ ఈగతో కలవని ఆడ ఈగలు కావాలి. 25 డిగ్రీల వేడిలో ప్యూపా (గూటి దశ) నుంచి బయటపడిన ఆడ ఈగ దాదాపు 8 గంటల దాకా మగదానిని దగ్గరికి రానివ్వదు కాబట్టి, అదే వేడిలో ఉంచితే అర్ధరాత్రి కూడా వచ్చి ఏరుకోవలసి వస్తుంది. అందుకే సాయంత్రం సీసాల్లోని ఈగలన్నిటినీ ఖాళీ చేసి, ఆ సీసాలను 18 డిగ్రీల గదిలో పెట్టి వెళతారు. అక్కడ ఆ గడువు సుమారు రెట్టింపు అవుతుంది గనుక ఉదయం వచ్చి నింపాదిగా ఏరుకోవచ్చు. జీవ గడియారాల (శరీరం రాత్రీపగళ్ల లయను పాటించే తీరు) మీద పనిచేసేవారు ఒక ఇంక్యుబేటరులో వెలుగు వేళలను తారుమారు చేసి పెట్టుకుని, రాత్రి నమూనాలను కూడా పగలే తీసుకుంటారు. సింక్రోట్రాన్‌లో బీమ్ టైమ్ (చాలామంది పంచుకునే ఆ పెద్ద యంత్రపు ఎక్స్-రే కిరణాలను వాడుకునే వంతు) రాత్రికి దొరికితే మాత్రం రాత్రే కూర్చోక తప్పదు. అంటే ప్రయోగం నిజంగా అడిగే వేళలు కొన్నే ఉంటాయి. మిగిలిన వేళల్లో చాలా భాగం గైడు అలవాటు వల్లనో, తోటివారు ఇంకా కూర్చునే ఉన్నారన్న మొహమాటం వల్లనో పుడతాయి.

హద్దులేని పద్ధతికి ఉన్న గొప్ప గుణం స్వేచ్ఛ. పదకొండింటికి వచ్చి రాత్రి దాకా పనిచేసుకోవచ్చు, మధ్యాహ్నం పిల్లను బడి నుంచి తెచ్చుకుని రాత్రి ఇంట్లో డేటా చూసుకోవచ్చు. అయితే ఈ స్వేచ్ఛ కాదనగల శక్తి ఉన్నవారికే దక్కుతుంది. అమెరికాలో వీసా ఆ సంస్థతో ముడిపడి ఉన్న తెలుగు పోస్ట్‌డాక్‌కు, శనివారం రమ్మన్న ప్రొఫెసరుతో కుదరదని చెప్పడం తేలిక కాదు. హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయాల్లో శాశ్వత ఉద్యోగులకు ఐదు రోజుల వారం ఉంటుంది. అదే కారిడారులో 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు, దానిపై ఇంటి అద్దె భత్యం అందుకునే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) విద్యార్థికి ఏ గంటకు ఇంటికి వెళ్లాలో చెప్పే కాగితం ఉండదు. 2019లో నేచర్ పత్రిక జరిపిన సర్వేలో పాల్గొన్న పీహెచ్‌డీ విద్యార్థుల్లో 76 శాతం మంది వారానికి 41 గంటలకు మించి పనిచేస్తున్నామన్నారు.

భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును మనవాళ్లు అలుపెరగని శ్రమకు ఆదర్శంగా చూపుతారు. హార్వర్డ్‌లో చదువుతూ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేసి, 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించిన ఆయన మీద నాకూ అపారమైన గౌరవం ఉంది. కానీ ఇంటి దగ్గర వదిలి వెళ్లిన భార్య శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు; 1948లో 53 ఏళ్లకే ఆయన అమెరికాలో కన్నుమూశారు. ఆయన కథ చెప్పేవారు ఈ భాగాన్ని కూడా చెప్పాలని నా కోరిక.

జర్మనీ పద్ధతిలో కూడా లొసుగులు ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలామంది పీహెచ్‌డీ విద్యార్థులకు సగం జీతమో, మూడింట రెండు వంతుల జీతమో ఇచ్చి, ల్యాబులో పూర్తికాలం పని ఆశిస్తారు. 2007 నాటి చట్టం తాత్కాలిక ఒప్పందాలను పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లకు, తర్వాత సాధారణంగా 6 ఏళ్లకు పరిమితం చేసింది. ఆ గడువు దగ్గరపడేకొద్దీ ఉద్యోగ భయంతో మనిషి తనంతట తానే రాత్రిళ్లు కూర్చుంటాడు. అయినా అక్కడ అన్యాయం జరిగితే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది, అడగడానికి ఉద్యోగుల ప్రతినిధులు ఉంటారు.

అందువల్ల ఇంటి బాధ్యతలు ఉన్నవారికి, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లులకు, రాసి ఉన్న గంటలే మేలని నేను గట్టిగా చెబుతాను. తన సొంత ప్రశ్న స్పష్టంగా ఉండి, ఇంటి బాధ్యతలు లేని యువకుడో యువతో రెండేళ్లు హద్దులేని ల్యాబులో గడపడంలో తప్పు లేదు. అయితే చేరేముందు ప్రొఫెసరును కాక ఆ ల్యాబులోని విద్యార్థులనూ, వీలైతే అక్కడి నుంచి వెళ్లిపోయినవారినీ విడిగా అడగాలి: ల్యాబ్ మీటింగు ఏ రోజు పెడతారు, ఆదివారం వచ్చినవారు సోమవారం సెలవు తీసుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా, పోయిన ఏడాది ఎవరెవరు ఎన్ని రోజులు ఇంటికి వెళ్లివచ్చారు, ఒప్పందం పొడిగింపు ఎన్ని నెలలకు ఒకసారి జరుగుతుంది.