ఊగే పొయ్యితో ఆరేళ్లు: ఓవెన్ తలుపు మీద కోపం ఇంకా చల్లారలేదు

తెరచాప పడవలో వండేవాళ్లకి గింబల్ పొయ్యి గురించి, అంటే పడవ ఒరిగినా తను మట్టంగా ఉండేలా ఇరుసు మీద ఊగే పొయ్యి గురించి, కొత్తగా చెప్పక్కర్లేదు. మాది రెండు బర్నర్లు, కింద ఓవెన్ ఉన్న గ్యాస్ పొయ్యి. కొలతలు, బరువు, స్టీలు రకం కంపెనీ కాగితంలోనే ఉంటాయి, వదిలేస్తున్నా. ఆరేళ్లుగా అన్నయ్య, వదిన, నేను, అప్పుడప్పుడు ఒక స్నేహితుడు, ఇంతమందికీ సముద్రం మీద వంట దీనిమీదే, వండేది ఎక్కువగా నేనే.

మొదటి ప్రయాణంలో పొద్దున్నే టీకి నీళ్లు పెట్టాను. పడవ 20 డిగ్రీలు ఒరిగి పోతోంది, నేనేమో ఒక కాలు అవతలి బల్లకి తన్నిపెట్టి గోడకి వేలాడుతున్నట్టు నిలబడ్డాను, గిన్నెలో నీళ్లు మాత్రం గీత గీసినట్టు మట్టంగా ఉన్నాయి. అసలు తిన్నగా ఉన్నది ఆ నీళ్లొక్కటే, మిగతా మేమంతా వంకర. ఆ ఏడాది కనపడిన ప్రతివాళ్లకీ పడవలో ఇంతకంటే మంచి వస్తువు లేదని చెప్పాను. ఇప్పుడైతే పడవ పక్కకి ఒరిగినప్పుడు ఇంతకంటే మంచి వస్తువు లేదని చెబుతాను. ఇరుసు పడవ పొడవునా ఉంటుంది కాబట్టి, ముక్కు ఎత్తి దబ్బున కింద పడేసే ఎదురు కెరటాల్లో ఇది చెయ్యగలిగింది ఏమీ లేదు. అప్పుడు గిన్నెని ఆపేది చుట్టూ బిగించే ఇనప చేతులే. వాటి మరలు నెలకోసారి వదులవుతాయి, స్క్రూడ్రైవర్ గరిటెల డబ్బాలోనే పెట్టుకుంటున్నా.

ఇక ఓవెన్ తలుపు. మూడో ఏడు, తీరం వదిలి నాలుగో రోజు రాత్రి. పైన పెద్ద గిన్నెలో సూప్ మరుగుతోంది, కింద రొట్టె కాలుతోంది. ఆ రోజు పొయ్యి ఉన్న పక్కే పైకి లేచి ఉంది, అంటే పట్టు తప్పితే వెనక్కి పడతాను, అందుకని నడుముకి పట్టీ కట్టుకున్నాను. రొట్టె వాసన వస్తోంది, చూద్దామని తలుపు తీశాను. తలుపు బరువంతా ఒక్కసారిగా నావైపు వాలింది, దాంతో పొయ్యి మొత్తం ముందుకి తలవంచింది. ఇనప చేతులు గిన్నెని వదల్లేదు పాపం, కానీ మూత ఎగిరిపోయింది, సూప్ సగానికి పైగా నా తొడల మీదకి వచ్చింది. వెనక్కి గెంతుదామంటే నడుముకి పట్టీ! పడకుండా కాపాడుతుందని కట్టుకున్నదే ఆ క్షణంలో నన్ను వేడి సూప్‌కి ఎదురుగా కట్టి నిలబెట్టింది.

బతికిపోయింది ఎందుకంటే ఒంటిమీద వాన ప్యాంటు ఉంది. డెక్ మీద వేసుకునేది, కింద ఉక్కపోతలో కూడా ఎందుకని అంతకు ముందు నవ్వేవాణ్ణి. పైనుంచి అన్నయ్య “ఏరా, కాలిందా?” అని అరిచాడు, “సూప్ పోయింది” అన్నాను. “పోతే పోయింది, ముందా ప్యాంటు విప్పరా!” అన్నాడు. చుక్కాని దగ్గర వదిన నవ్వు వినిపిస్తూనే ఉంది. ఎడమ మోకాలి కింద బొబ్బ ఒకటి, అంతే. రొట్టె మాత్రం ఆ ఏడాదికల్లా బాగా కాలింది, ఆ మాట ఒప్పుకోవాలి. గిన్నెలో మిగిలిన సూప్‌లో ముంచుకుంటూ, నలుగురం ఒకే గిన్నె చేతులు మార్చుకుంటూ మెట్ల దగ్గర కూర్చుని తిన్నాం. మామూలుగా అయితే చుక్కాని పట్టుకున్నవాళ్లకి ముందు, లోతైన గిన్నెలో సగం వరకే పోసి అందించడం మా అలవాటు. పళ్లేలు ఎప్పుడో మానేశాం.

ఇప్పుడు ఓవెన్ తెరవాలంటే ముందు పైనున్న గిన్నె తీసి సింకులో పెడతాను (పడవలో వేడి గిన్నె పొర్లకుండా కూర్చునే చోటు అదొక్కటే), పొయ్యికి గొళ్లెం వేసి ఊగకుండా చేసి, అప్పుడు తలుపు తీస్తాను. గొళ్లెం వేశాక అది మామూలు పొయ్యే, పడవతో పాటు ఒరుగుతుంది. ఊగుతుందని కొన్న పొయ్యిని, ఓవెన్ వాడాలంటే ఊగకుండా కట్టెయ్యాలి! అడుగున బరువు వేసి సమతూకం కుదిర్చినవి ఉంటాయట, మాది అలాంటిది కాదు.

చిన్న ఫిర్యాదు ఇంకొకటుంది. మంట ఆరితే గ్యాస్ ఆపే థర్మోకపుల్ రెండేళ్లకోసారి ఉప్పుగాలికి పాడవుతుంది, నాబ్ ఎంతసేపు నొక్కినా మంట నిలవదు. విసుగొచ్చినా దాన్ని తీసెయ్యకండి. ఆ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పోయి పడవ అడుగున కూర్చుంటుంది.

కొనమంటారా అంటే నా సంగతి చెబుతాను. నాకు సముద్రం పడుతుంది, కింద గంటసేపు నిలబడి వండగలను, మేం వారాల తరబడి ఒకే వైపు ఒరిగి వెళ్లే ప్రయాణాలే ఎక్కువ చేస్తాం. అలా కాకుండా వారాంతంలో తీరం వెంట తిరిగేవాళ్లు, వాంతులు అయ్యేవాళ్లు ఓవెన్ లేనిది, బర్నర్లు మాత్రమే ఊగేది తీసుకుని, మూత బిగుసుకునే ప్రెషర్ కుక్కర్ పెట్టుకుంటే చాలేమో. నేనూ ఈ మధ్య సగం వంట కుక్కర్లోనే చేస్తున్నా. ఓవెన్ పీకేద్దామని పోయిన ప్రయాణంలో అన్నాను కూడా. అర్ధరాత్రి వాచ్ (కాపలా వంతు) దిగి వచ్చిన వదిన చేతిలో అప్పుడే తీసిన వేడి రొట్టె ముక్క ఉంది, నావైపు చూసిందే గాని ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ సంగతి అక్కడితో ఆగింది.