పేస్‌మేకర్ ఉన్న అమ్మతో వైజాగ్ నుంచి నెవార్క్ వెళ్లొచ్చాం

మాది శ్రీకాకుళం. అక్కకు పురుడు పోయడానికి అమ్మ అమెరికా వెళ్లాల్సి వచ్చింది, తోడుగా నేను వెళ్లాను. అమ్మకు గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే పేస్‌మేకర్ ఉంది, షుగర్ కూడా ఉంది. "ఎయిర్‌పోర్టులో ఒళ్లంతా ఎక్స్‌రే తీస్తారట, దాంతో పేస్‌మేకర్ ఆగిపోతుందట" అని పక్కింటావిడ అన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్కానర్ వల్ల అమ్మకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది పెట్టినవి క్యూలు, రాని వీల్‌చెయిర్, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం.

విమానం పొద్దున్నే కాబట్టి ముందు రోజే వైజాగ్ చేరాం. ఎన్ఏడీ కొత్తరోడ్డు చుట్టుపక్కల లాడ్జీలు ఎయిర్‌పోర్టుకు దగ్గర, అద్దె కూడా తక్కువ. కానీ హైవే మీద లారీల మోత రాత్రంతా ఆగదు. బీచ్ రోడ్డులో అయితే కిటికీ తెరిస్తే సముద్రమే, కాకపోతే తెల్లవారుజామున పెట్టెలతో ఊరు దాటి రావాలి. మేము ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగాం. గది చిన్నదే. అయినా బస్సు దిగి నడిచి వెళ్లేంత దూరం, లిఫ్ట్ ఉంది, సందు చివర మందుల షాపు, పొద్దున్నే వేడి ఇడ్లీ. పేషెంటుతో వెళ్లేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఆ మధ్యాహ్నమే ఆరిలోవ హెల్త్ సిటీలో అమ్మకు పేస్‌మేకర్ చెకప్ చేయించాం. డాక్టరు గారు నాతో కాకుండా అమ్మతోనే మాట్లాడారు, అది నాకు చాలా నచ్చింది. "మెటల్ డిటెక్టర్ గుమ్మంలోంచి మామూలుగా నడిచి వెళ్లిపోండమ్మా. మధ్యలో ఆగొద్దు, దానికి ఆనుకోవద్దు. చేతి డిటెక్టర్‌ను మాత్రం పేస్‌మేకర్ మీద పట్టి ఉంచనివ్వకండి. మీ పేస్‌మేకర్ కార్డు చూపించి చేత్తో తనిఖీ చేయమనండి" అన్నారు. కారణం కూడా చెప్పారు. ఆ డిటెక్టర్లు అయస్కాంత క్షేత్రంతో పనిచేస్తాయి. బలమైన అయస్కాంతం దగ్గరగా ఉంటే పేస్‌మేకర్ తాత్కాలికంగా ఒకే వేగంతో కొట్టే పద్ధతిలోకి మారుతుంది, దూరం జరిగితే మళ్లీ మామూలవుతుంది. గుమ్మం దాటే ఆ ఒకటి రెండు సెకన్లు లెక్కలోకి రావు.

మేము విమానం ఎక్కిన వైజాగ్ ఎయిర్‌పోర్టు నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలోది. చిన్నగా ఉండటమే పెద్దవాళ్లకు మేలు, నడక తక్కువ. వీల్‌చెయిర్ టిక్కెట్‌తోనే అడిగి పెట్టుకున్నాం, గేటు దగ్గరికే వచ్చింది. తెర కట్టిన గదిలో కార్డు చూపించగానే సీఐఎస్ఎఫ్ అమ్మాయి చేతి డిటెక్టర్ పక్కన పెట్టి, తడిమి చూసి, "మాతాజీ, ఆరామ్ సే" అని చెయ్యి పట్టి దింపింది. ఇన్సులిన్ పెన్నులు చేతి సంచిలోనే ఉంచాం. సంచి ఎక్స్‌రేలోంచి వెళ్తే మందు పాడవదు. పెద్ద పెట్టెలో వేస్తేనే లగేజీ అరలోని చలికి గడ్డకట్టే ప్రమాదం.

మధ్యలో విమానం మారిన చోట మాత్రం మాట ఇచ్చిన వీల్‌చెయిర్ రాలేదు. అమ్మ క్యూలో నిలబడలేక నేల మీద కూర్చుండిపోయింది. అడిగితే "ఇదిగో వస్తోంది" అన్నదే జవాబు. డబ్బు కట్టి, ముందే చెప్పి, కార్డు చూపించినా పెద్దావిడను అలా వదిలేయడం అన్యాయం. ఆ తర్వాత సగం రోజుకు పైగా విమానంలోనే. కాళ్లు వాచిపోయాయి. అప్పుడప్పుడూ లేపి నడిపించాను, నీళ్లు తాగించాను.

ఒళ్లంతా చూసే స్కానర్ ఎదురైంది తిరుగు ప్రయాణంలో, నెవార్క్‌లో.

అమ్మ భయం ఉత్తినే పుట్టింది కాదు. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒకడు లోదుస్తుల్లో దాచిన బాంబు పేల్చబోయాక అమెరికాలో ఈ స్కానర్లు వేగంగా పెరిగాయి. వాటిలో ఒక రకం నిజంగానే ఎక్స్‌రేలు వాడేది. ఆ కిరణాల ప్రభావం ఎక్కువగా చర్మం మీదే పడుతుంది, సరిగ్గా పరీక్షించారా అని 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్లు ప్రభుత్వానికి లేఖ రాశారు. 2011లో యూరోపియన్ యూనియన్ ఎక్స్‌రే రకాన్ని తన ఎయిర్‌పోర్టుల్లోకి రానివ్వలేదు. అమెరికా 2013లో వాటిని తీసేసింది. అయితే అక్కడ చెప్పిన కారణం ఆరోగ్యం కాదు. మనిషి శరీరం కనిపించకుండా బొమ్మ గీత మాత్రమే చూపించే సాఫ్ట్‌వేర్ ఆ యంత్రాలకు కుదరలేదు. అదే ఏడాది అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం కొలిచి చూస్తే, ఒక స్కాన్‌లో అందే రేడియేషన్ విమానంలో 12 సెకన్లు ఎగిరితే అందేంత మాత్రమేనని తేలింది.

ఇప్పుడున్నవి మిల్లీమీటర్ తరంగాల యంత్రాలు. ఎక్స్‌రే కాదు, రేడియో తరంగాల జాతి. బట్టల్లోంచి వెళ్లి చర్మం మీద తగిలి తిరిగి వస్తాయి. కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీసే శక్తి వాటికి లేదు, సెల్‌ఫోన్‌తో పోలిస్తే వాటి బలం ఎన్నో వేల రెట్లు తక్కువ. అక్క ఇదంతా చెప్పాక అమ్మ "సరే, వెళ్తాను" అంది. చేతులు పైకెత్తి కొన్ని సెకన్లు నిలబడింది. తెర మీద బొమ్మలో కొప్పు దగ్గర, చీర కుచ్చిళ్ల దగ్గర గుర్తులు పడ్డాయి, ఒక మహిళా ఉద్యోగి అక్కడ మాత్రం తడిమి చూసింది. పేస్‌మేకర్ దగ్గర ఏ గుర్తూ లేదు. తరంగాలు చర్మం దాటి లోపలికి పోవు కాబట్టి అది వాటికి కనిపించదు. అమ్మకు ధైర్యం వచ్చింది ఆ బొమ్మ చూశాకే.

అసలు కష్టం చేతులు ఎత్తడం. భుజం నొప్పి ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ పెట్టి కొద్ది వారాలే అయినవాళ్లు ఎత్తకూడదు. అలాంటప్పుడు, లేదా స్కానర్ ఇష్టం లేకపోయినా, అమెరికాలో చేతి తనిఖీ అడగొచ్చు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారు. విడిగా గదిలో కావాలన్నా ఇస్తారు, తోడుగా ఒకరిని రానిస్తారు. గర్భిణులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఈ యంత్రంతో వాళ్లకు హాని లేదు, మనసు ఒప్పకపోతే చేతి తనిఖీ ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్త కావాలి. మా బావకు ఇన్సులిన్ పంపు ఉంది. ఒంటికి పెట్టుకునే పంపులు, షుగర్ సెన్సర్లు కొన్నింటిని బాడీ స్కానర్‌లోకీ, సామాను ఎక్స్‌రేలోకీ తీసుకెళ్లొద్దని తయారీదారులే రాస్తారు. అది మనిషికి హాని అని కాదు, పరికరం లెక్క తప్పుతుందేమోనని. బావ ఎప్పుడూ చేతి తనిఖీయే అడుగుతాడు. మీ కంపెనీ కాగితం ఒకసారి చదువుకోండి.

తిరిగొచ్చాక ఎంవీపీ కాలనీ వైపు బస తీసుకున్నాం. హెల్త్ సిటీకి, బీచ్‌కి రెండింటికీ అనువు, అమ్మకు విశ్రాంతి దొరికింది. చెకప్‌లో పేస్‌మేకర్ రికార్డు అంతా మామూలుగానే ఉంది. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరేవాళ్లకు ఈ బస లెక్క మారుతుంది. అది హైవే మీద మా శ్రీకాకుళం వైపుకే దగ్గర, ఉదయం విమానానికి కూడా వైజాగ్‌లో ముందు రాత్రి ఉండనక్కర్లేదు. చెకప్ మాత్రం ఓ వారం ముందే వైజాగ్ వచ్చి చేయించుకోండి, పేస్‌మేకర్ కార్డు ఒరిజినల్ చేతి సంచిలో పెట్టుకోండి.