ఇంట్లో కోమా పేషెంట్ ఉన్నవాళ్లకి: ట్యూబుల ఎయిర్ బెడ్ వాడి చూశాక నా రివ్యూ

తనంతట తాను కదలలేని మనిషి ఇంట్లో ఉంటే, ఒంటికి పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు, అదే ఎయిర్ బెడ్, కొనాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఏ రకం కొనాలి, కొన్నాక దాని మీద మనిషిని ఎలా పడుకోబెట్టాలి అన్నది షాపులో ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

మా అన్నయ్యకి బైక్ యాక్సిడెంట్‌లో తలకి గట్టి దెబ్బ తగిలింది. ఐసీయూ నుంచి ఇంటికి పంపేటప్పటికి గొంతులో ఊపిరి కోసం ట్రాకియాస్టమీ ట్యూబు, ముక్కులో కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు, మంచానికి వేలాడుతూ యూరిన్ బ్యాగు. కళ్లు తెరుస్తాడు గానీ మమ్మల్ని గుర్తుపట్టిన చూపు లేదు. డాక్టర్ల లెక్కలో ఇది కోమా తర్వాతి దశ, ఇంట్లో మాత్రం అందరం కోమా అనే అంటున్నాం. మనం నిద్రలో కూడా తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతుంటాం, ఒక చోట బరువు ఎక్కువసేపు పడితే ఒళ్లే సర్దుకుంటుంది. అన్నయ్యకి అది లేదు. నడుము కింద ఎముక, మడమలు, తల వెనక భాగం, మోచేతులు, ఇలా ఎముక పైకి తేలినచోటల్లా చర్మం నలిగి, రక్తం ఆడక పుండు పడుతుంది. పడితే మానడం చాలా కష్టం, ఇన్‌ఫెక్షన్ వస్తే మళ్లీ ఆసుపత్రే.

మొదట ఆసుపత్రి ఎదురు షాపులో బుడగల రకం ఇచ్చారు. రెండు మూడు వేల్లో వచ్చేస్తుంది, అందరూ ముందు కొనేది అదే. సన్నగా ఉన్నవాళ్లకి, కొద్దిరోజులకి పనికొస్తుందేమో. మా అన్నయ్య మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఇంటికొచ్చి చూసిన నర్సమ్మ అరచేతిని వెల్లకిలా చేసి బెడ్ కిందికి, సరిగ్గా నడుము ఉన్నచోటికి తోసి, "గాలి ఏదండీ ఇక్కడ?" అంది. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమంది. అన్నయ్య ఎముక నా చేతికి నేరుగా తగిలింది. అక్కడ కనీసం అంగుళం మందం గాలి ఉండాలట. లేదంటే మనిషి పరుపు మీద కాదు, కింద చెక్క మీద పడుకున్నట్టే. మీరు ఏ కంపెనీది కొన్నా ఈ పరీక్ష మాత్రం చేయండి, రోజూ చేయండి.

తర్వాత ట్యూబుల రకం, అంటే అడ్డంగా లావుపాటి గొట్టాలు ఉండేది తెచ్చాం. ఏడు వేలు దాటింది. ఒక గొట్టంలో గాలి నిండుతుంటే పక్కదానిలో తగ్గుతుంది, పది నిమిషాలకోసారి ఇది తారుమారవుతూ ఉంటుంది కాబట్టి బరువు ఒకేచోట నిలవదు. ఒక గొట్టం పాడైతే అదొక్కటే తీసి మార్చుకోవచ్చు, బుడగల దానికి ఆ సౌకర్యం లేదు. పంపు మీద మనిషి బరువుని బట్టి తిప్పే నాబ్ ఉంటుంది. దాన్ని ఎక్కువ పెడితే మెత్తదనం పోయి పరుపు బిగుసుకుపోతుంది, అదీ మంచిది కాదు. అరచేతి పరీక్ష చేస్తూ సర్దుకోవడమే.

మంచి సంగతులు చెప్పాను కాబట్టి ఇబ్బందులు కూడా. మాది విజయవాడ, ఎండాకాలంలో ఈ ప్లాస్టిక్ మీద వీపు చెమటతో తడిసిపోతుంది, తడిసిన చర్మం తొందరగా చెడుతుంది. పైన ఒక్కటే పల్చటి కాటన్ దుప్పటి వేయాలి, తడిస్తే వెంటనే మార్చాలి. మెత్తగా ఉంటుందని బొంతలు, రబ్బరు షీట్లు, రెండు మూడు దుప్పట్లు వేస్తే కింద గొట్టాలు చేసే పనంతా వృథా. కరెంటు పోతే పంపు ఆగి గాలి మెల్లగా దిగిపోతుంది, పంపుని ఇన్వర్టర్ లైనుకే పెట్టండి, అది తాగే కరెంటు చాలా తక్కువ. పంపు నుంచి బెడ్‌కి వెళ్లే పైపు మంచం రెయిలింగ్ కింద నలిగితే ఒక వరస గొట్టాలు నిండవు, పైకి చూస్తే తెలియదు. ఇక సర్వీసు గురించి చెప్పాలంటే బాధేస్తుంది. వారంటీలోనే పంపు మూగబోతే అమ్మినవాళ్లు ఫోన్లు ఎత్తలేదు, ఎత్తిన రోజు కొరియర్ చేయమన్నారు. కొరియర్ చేస్తే అన్నాళ్లూ మా అన్నయ్య దేని మీద పడుకోవాలి? చివరికి ఇంకో పంపు విడిగా కొన్నాం. దొరికితే పంపు ఒకటి స్పేర్ ఉంచుకోమనే చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎయిర్ బెడ్ ఉంది కదా అని పక్క మార్చడం ఆపకూడదు. అమ్మేవాళ్లు ఇది వేస్తే ఇంక పుండ్లే రావన్నట్టు చెబుతారు, అది నిజం కాదు. రెండు గంటలకోసారి ఎడమకి, వెల్లకిలా, కుడికి, రాత్రయినా సరే. వదిన, నేను వంతులేసుకుంటాం, తిప్పేటప్పుడు మాత్రం ఇద్దరం ఉండాలి. కింద పరిచిన ఆ కాటన్ దుప్పటినే పట్టుకుని ఎత్తి తిప్పాలి, లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. పూర్తిగా పక్కకి కాకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచమన్నారు. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాలిలో ఉంటాయి. తిప్పిన ప్రతిసారీ టార్చి వేసి చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, అలా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మన రంగు చర్మానికి ఎరుపు సరిగా కనబడదు, కాబట్టి ముట్టుకుని చూడండి, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉంటే అనుమానించండి. అక్కడ నూనె పెట్టి రుద్దకండి, లోపల ఇంకా నలుగుతుంది. మధ్యలో కన్నం ఉండే రబ్బరు రింగులు కూడా వద్దన్నారు.

ముంబై కేఈఎం ఆసుపత్రిలో, దాడిలో మెదడు దెబ్బతిన్న నర్సు అరుణా శానబాగ్ 1973 నుంచి 2015లో చనిపోయేదాకా మంచం మీదే ఉన్నారు, అక్కడి నర్సులు ఆమెకి పుండ్లు పడకుండా చూసుకున్నారు. అదంతా చేతులతో చేసిన సేవే. ఆ సంగతి చదివాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

మంచం సంగతి కూడా చూసుకోండి. రైల్స్ ట్యూబులో ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఇచ్చాక ఓ గంటపాటు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. ఎత్తితే మనిషి కిందికి జారతాడు, జారితే నడుము దగ్గర చర్మం ఒరుస్తుంది. అందుకని మోకాళ్ల వైపు కూడా లేచే ఫౌలర్ మంచం తీసుకుని, ముందు మోకాళ్లు ఎత్తి తర్వాత తల ఎత్తండి.

పంపు చప్పుడు లేనిదే ఏరుకోండి, మన మాటలు పేషెంటు చెవిన పడాలి. అమెరికాలో 15 మంది పేషెంట్లతో చేసిన చిన్న పరిశోధన ఒకటి 2015లో అచ్చయింది, ఇంటివాళ్లు తమ గొంతుతో రికార్డు చేసిన పాత కబుర్లు రోజూ వినిపిస్తే మెదడు స్పందన మెరుగైందని తేలింది. మరీ చిన్న పరిశోధనే, గ్యారంటీ ఏమీ లేదు, అయినా మేం మాట్లాడటం మానలేదు. తిప్పే ముందు వదిన "ఏమండీ, కుడివైపు తిప్పుతున్నాం" అని చెప్పకుండా ఎప్పుడూ ముట్టుకోదు. పాప స్కూలు నుంచి రాగానే చెవి దగ్గర కూర్చుని ఆ రోజు సంగతులన్నీ చెబుతుంది, గదిలో మోత ఉంటే అది అరవాల్సి వస్తుంది.

సొంతంగా కొనే స్తోమత లేకపోతే అద్దెకి ఇచ్చేవాళ్లు ఉన్నారు, పెద్ద ఆసుపత్రుల చుట్టుపక్కల అడగండి. వాడినది తీసుకునేవాళ్లు షాపులో ఐదు నిమిషాలు చూసి తెచ్చుకోకండి. ఇంట్లో గాలి నింపి, రాత్రంతా పంపు నడిపి, పొద్దున ఒక్కో గొట్టాన్నీ నొక్కి చూశాకే డబ్బులు పూర్తిగా ఇవ్వండి.