ఎంహెచ్‌ఏనా, ఎగ్జిక్యూటివ్ డిప్లొమానా, సర్టిఫికేషనా: హాస్పిటల్లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకి ఏది మేలు?

ఈ రెండు నెలల్లో నన్ను ఇదే ప్రశ్న అడిగినవాళ్లు తక్కువలో తక్కువ పదిమంది ఉంటారు. (ఎంహెచ్‌ఏ అంటే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ డిగ్రీ.) మొన్న, ఒకప్పుడు నాతో ఐసీయూలో చేసిన అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అక్కా, నన్ను నర్సింగ్ సూపరింటెండెంట్ చేసేశారు, నాకు డ్యూటీ రోస్టర్ వెయ్యడం తప్ప ఏమీ రాదు, ఎంహెచ్‌ఏ చెయ్యనా, డిప్లొమా సరిపోద్దా, లేకపోతే ఆ క్వాలిటీ ఎగ్జామ్ ఏదో ఉందంట అది రాసెయ్యనా" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. ఆ గొంతులో భయం నాకు బాగా తెలుసు, నాలుగేళ్ల కింద నేనూ అక్కడే ఉన్నా. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, పోస్ట్ బేసిక్ (దాని మీద బీఎస్సీ నర్సింగ్) చేసి, పద్నాలుగేళ్లు వార్డుల్లో తిరిగి ఒకరోజు ఆపరేషన్స్ మేనేజర్ కుర్చీలో కూర్చోబెడితే, బెడ్ ఆక్యుపెన్సీ ఎంత (ఎన్ని బెడ్లు నిండాయి), కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సిరంజీలు, గ్లౌజుల్లాంటివి) ఖర్చు ఎందుకు పెరిగింది అని ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) గారు అడుగుతుంటే తల దించుకుని కూర్చున్న రోజులున్నాయి. అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకేచోట రాసేస్తున్నా. నేను కిందటేడు ఏడాది ఎగ్జిక్యూటివ్ డిప్లొమా పూర్తి చేశా, అది కూడా ముందే చెప్తున్నా, నా మొగ్గు ఎటుందో మీకు తెలియాలి కదా.

ముందు ఫుల్‌టైమ్ డిగ్రీ సంగతి. ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) రెండేళ్ల ఎంహెచ్‌ఏ, మన పంజాగుట్ట నిమ్స్‌లో ఇంటర్న్‌షిప్‌తో కలిపి రెండున్నరేళ్ల ఎంహెచ్‌ఎం (హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్), జూబ్లీహిల్స్‌లో అపోలో వాళ్ల ఇన్‌స్టిట్యూట్, ఇవి మీకు తెలిసినవే. పునాది గట్టిగా పడుద్ది, అందులో అనుమానం లేదు. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, హెచ్‌ఆర్, లా, మెటీరియల్స్, అన్నీ ఓపిగ్గా చెప్తారు, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో తిప్పుతారు. పాతికేళ్ల లోపు ఉండి, ఇంకా ఉద్యోగంలో కుదురుకోకపోతే కళ్లు మూసుకుని ఇదే చెయ్యండి. పెద్ద కార్పొరేట్ చైన్లలో హెచ్‌ఆర్ వాళ్లు రెజ్యూమేలు వడపోసేటప్పుడు డిగ్రీ పేరు చూస్తారు, అది నిజం. ఎంబీబీఎస్ వాళ్లయితే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ డిగ్రీ ఉంది, టీచింగ్ హాస్పిటల్స్‌లో సూపరింటెండెంట్ దాకా వెళ్లాలనుకునేవాళ్లకి దాని దారి వేరు, దాన్ని ఇక్కడ కలపట్లేదు.

కానీ ముప్ఫై ఐదేళ్లు వచ్చి, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉన్న మనిషికి రెండేళ్ల జీతం వదులుకోమని నేనెలా చెప్పను? జీతం ఒక్కటే కాదు. మీరు వార్డులోంచి బయటికి వెళ్లిపోతే ఆ రెండేళ్లూ మీ చేతిలో హాస్పిటల్ ఉండదు. ఇంటర్న్‌షిప్‌లో వేరేవాళ్ల హాస్పిటల్‌కి వెళ్తారు, వాళ్లు మర్యాదగా ఒక మూల కుర్చీ వేస్తారు, ఫైల్ అడిగితే రేపు ఇస్తామంటారు. నా అభిప్రాయంలో అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

నేను దేన్నైనా తూచేది ఒకే ప్రశ్నతో: ఈ కోర్సు ఇచ్చే హోంవర్క్ నేను పనిచేసే హాస్పిటల్లోనే, మా సొంత లెక్కలతోనే చెయ్యాలా, లేక పుస్తకం చూసి రాసేసినా నడుస్తుందా? ఫీజు, పేరు, ఫ్యాకల్టీ అన్నీ దీని తర్వాతే.

ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్తా. మా డిప్లొమాలో రెండు మూడు నెలలకోసారి వారం పాటు క్లాసులు, మిగతా టైమ్ మన ఉద్యోగం మనం చేసుకోవడమే. మొదటి వారం అయ్యాక గైడ్ గారు "మీ హాస్పిటల్లో మిమ్మల్ని బాధపెట్టే ఒక్క సమస్య తీసుకోండి, వచ్చేసారి అభిప్రాయాలొద్దు, టైములు రాసుకుని రండి" అన్నారు. నేను డిశ్చార్జ్ ఆలస్యం తీసుకున్నా. మాది నూట అరవై పడకల హాస్పిటల్, విజయవాడ. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి క్యాజువాలిటీలో అడ్మిషన్లు బెడ్ కోసం ఎదురుచూస్తుంటాయి, పైన వార్డులో ఇంటికెళ్లాల్సినవాళ్లు బెడ్ మీదే కూర్చుని ఉంటారు. ఎవర్నడిగినా ఒకటే మాట, "ఇన్సూరెన్స్ మేడమ్, టీపీఏ అప్రూవల్ రాలేదు". టీపీఏ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ. నేనూ అదే నమ్మా. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌కి గంటలోపు, డిశ్చార్జ్ ఫైనల్ అప్రూవల్‌కి మూడు గంటల్లోపు జవాబు ఇవ్వాలని ఉంది కదా, మూడు గంటలు వాళ్లే తినేస్తుంటే మనం ఏం చేస్తాం అనుకునేదాన్ని.

సరే అని ఒక అట్టకి కాగితం క్లిప్ పెట్టుకుని, ముప్ఫైమంది పేషెంట్లకి అడుగడుగునా టైమ్ రాశా. రౌండ్స్‌లో డాక్టర్ గారు "ఇంటికెళ్లొచ్చు" అన్న టైమ్, సమ్మరీ టైపింగ్‌కి వెళ్లిన టైమ్, సంతకం, మిగిలిన మందులు ఫార్మసీకి రిటర్న్ వెళ్లిన టైమ్, ఆ రిటర్న్ సిస్టమ్‌లో ఎక్కిన టైమ్, ఫైనల్ బిల్లు, డబ్బు కట్టడం, కాన్యులా (చేతికి పెట్టిన సెలైన్ గొట్టం) తియ్యడం, బెడ్ ఖాళీ. మూడో రోజు మైలవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, హెర్నియా ఆపరేషన్, డబ్బు కట్టే పేషెంటే, ఇన్సూరెన్స్ లేదు. తొమ్మిదిన్నరకి డాక్టర్ గారు వెళ్లొచ్చన్నారు. పదింటికే చొక్కా వేసుకుని, సంచి సర్దుకుని, చెప్పులు కూడా వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. భార్య ఖాళీ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని పక్కన. నేను కాగితం పట్టుకుని మూడుసార్లు అటు వెళ్లా. మూడోసారి ఆవిడ నన్ను చూసి "అమ్మా, మూడింటి బస్సు పోయినట్టేనా" అంది. టైమ్ మూడుంబావు. ఆయన బెడ్ ఖాళీ అయ్యింది నాలుగూ పదికి.

ఆ రాత్రి కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే ఇన్సూరెన్స్ లేనివాళ్లకి కూడా నాలుగు గంటల పైనే పడుతోంది. మరి టీపీఏ ఎక్కడుంది మధ్యలో? ఆపుతోంది ఫార్మసీ రిటర్న్. మిగిలిన ఇంజెక్షన్లు, ఫ్లూయిడ్స్ వార్డు బాయ్ కిందికి తీసుకెళ్లేది రోజుకి రెండుసార్లే, పన్నెండింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది ఎక్కితేగానీ బిల్లింగ్‌లో ఫైల్ క్లోజ్ కాదు. పన్నెండు ట్రిప్పు తప్పితే సాయంత్రమే, లేదా ఎవరో ఒకరు బతిమాలి పంపాలి. ఆ ట్రిప్పుల టైమ్ నేను ఇంచార్జ్‌గా ఉన్నప్పుడు నేనే పెట్టించింది, వార్డు బాయ్‌లు తిరగలేకపోతున్నారని. పద్నాలుగేళ్లలో నాకది ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాత చేసింది పెద్ద విషయమేం కాదు. సాయంత్రం ఆరింటికి "రేపు వెళ్లేవాళ్లు" లిస్టు డ్యూటీ డాక్టర్‌తో వేయించి, అవసరం లేని మందులు ఆ రాత్రే రిటర్న్ పంపించి, సమ్మరీ డ్రాఫ్ట్ రాత్రే టైప్ చేయించి ఉంచడం, అంతే. క్యాష్ పేషెంట్లకి రెండున్నర గంటల లోపుకి వచ్చింది, మూడు నెలలు నిలబడింది. సగటు చూడొద్దు, మధ్య విలువ (అన్నీ వరసగా పేరిస్తే నడిమిది) చూడు, ఒక్క పేషెంట్‌కి తొమ్మిది గంటలు పడితే సగటు మొత్తం చెడిపోతుంది అని గైడ్ గారు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. అదే ముక్క అంతకుముందు ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులో వీడియోలో చూశా, క్విజ్‌లో కరెక్ట్‌గా టిక్ కూడా పెట్టా, వారానికి మర్చిపోయా. ఆ కోర్సుకి పెట్టిన ఇరవై రెండు వేలు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటాయి.

ఇలాంటి పద్ధతి కొత్తదేం కాదు. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో లైకో అని ఒక శిక్షణ సంస్థ పెట్టారు, అక్కడికి వేరే కంటి ఆసుపత్రుల వాళ్లు డాక్టరు, మేనేజరు, నర్సు అందరూ టీమ్‌గా కలిసి, తమ ఆసుపత్రి లెక్కలు పట్టుకుని వస్తారు, వాటి మీదే కూర్చుని ప్లాన్ వేసుకుని వెళ్తారు. మీరు కంటి ఆసుపత్రిలో ఉంటే ఇంకేదీ చూడకండి, ముందు అక్కడ అడగండి.

ఇక మిగతావాళ్లకి ఎగ్జిక్యూటివ్ డిప్లొమాల్లో టిస్ వాళ్లది చాలా ఏళ్లుగా పేరున్నది, ఉద్యోగం చేస్తూనే మధ్యమధ్యలో క్లాసులకి వెళ్లే పద్ధతి. హైదరాబాద్‌లో ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్) కూడా హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మీద ప్రోగ్రామ్‌లు నడుపుతుంది. పేరు ఏదైనా చేరే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ప్రాజెక్ట్ మా హాస్పిటల్లోనే చెయ్యాలా, గైడ్ ఎన్నిసార్లు చూస్తారు, పాత బ్యాచ్ వాళ్ల ప్రాజెక్టులు ఒకటి రెండు చూపిస్తారా. మూడోది అడిగితే చాలామంది తడబడతారు, తడబడితే మీకు జవాబు దొరికినట్టే. ఇంకో లాభం క్లాసులో పక్కన కూర్చునేవాళ్లు. మా బ్యాచ్‌లో ఏరియా హాస్పిటల్ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఒకాయన, కరీంనగర్‌లో సొంత హాస్పిటల్ ఉన్న నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) ఒకాయన ఉండేవాళ్లు. కాయకల్ప్ (ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకి ఇచ్చే అవార్డు) కోసం గవర్నమెంట్ హాస్పిటల్లో చెత్త వేరుచేయడం ఎంత తక్కువ డబ్బుతో సాధించారో ఆ ఆర్‌ఎంఓ గారు భోజనాల దగ్గర చెప్పింది నాకు రెండు పేపర్ల సిలబస్‌తో సమానం.

కష్టం కూడా చెప్పాలి. రాత్రి బస్సులో వెళ్లి, పొద్దున్న క్లాసులో కూర్చుని, వారం తర్వాత మళ్లీ రాత్రి బస్సులో వచ్చి నేరుగా డ్యూటీకి వెళ్లడం ఒంటికి మంచిది కాదు. మా చిన్నోడికి జ్వరం వచ్చిన వారం నేను క్లాసులో ఉన్నా, అది ఇప్పటికీ బాధే. మేనేజ్‌మెంట్ సహకారం లేకపోతే అసలు చెయ్యలేరు. లీవుల మాటే కాదు, బిల్లింగ్ డేటా, ఇన్‌ఫెక్షన్ లెక్కలు మీకు చూపించడానికి వాళ్లు ఒప్పుకోవాలి. చేరకముందే ఎండీ గారితో కూర్చుని కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద వెళ్లిన మా బ్యాచ్‌మేట్ ఒకావిడ ప్రాజెక్ట్ సగంలో ఆగిపోయింది.

దూరవిద్యలో ఇగ్నో వాళ్ల పీజీ డిప్లొమా ఇన్ హాస్పిటల్ అండ్ హెల్త్ మేనేజ్‌మెంట్ ఉంది, ఏడాది, ఖర్చు తక్కువ, ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి, జిల్లాల్లో ఉండి కదల్లేనివాళ్లకి అది మంచి దారే, పుస్తకాలు నిజంగా బాగుంటాయి. చేరే ముందు అర్హతలు ఒకసారి చూసుకోండి. వేరే ప్రైవేట్ యూనివర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏ అయితే మాత్రం యూజీసీ డెబ్ (దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల అనుమతులు చూసే విభాగం) సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

సర్టిఫికేషన్లలో ఎక్కువమంది అడిగేది సీపీహెచ్‌క్యూ, ఆ అమ్మాయి చెప్పిన హెల్త్‌కేర్ క్వాలిటీ ఎగ్జామ్ అలాంటిదే. అమెరికా సంస్థ పెట్టే పరీక్ష, 140 ప్రశ్నలు, మూడు గంటలు, పాసయ్యాక రెండేళ్లకోసారి 30 గంటల చదువు చూపిస్తేనే రెన్యువల్. గల్ఫ్‌కి వెళ్లాలనుకునే క్వాలిటీ వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, అక్కడ ఉద్యోగ ప్రకటనల్లోనే అడుగుతారు. భాష వస్తుంది, రూట్ కాజ్ అనాలిసిస్ అంటే ఏంటో, కంట్రోల్ చార్ట్ ఎలా చదవాలో తెలుస్తుంది. చేయించడం మాత్రం అది నేర్పదు, డిప్లొమా తర్వాత రాస్తే రెండింతలు లాభం. ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్లకి నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) ట్రైనింగ్ వేరే సంగతి, అది ఆప్షన్ కాదు, పది చాప్టర్ల స్టాండర్డ్స్ తెలియకుండా ఇవాళ హాస్పిటల్ నడపలేం, పైగా 2025 జనవరిలో ఆరో ఎడిషన్ వచ్చింది కాబట్టి పాత ట్రైనింగ్ చేసినవాళ్లు కూడా మళ్లీ కూర్చోవాలి. ఎలాగూ చెయ్యాల్సిందే కాబట్టి దీన్ని తూకంలో పెట్టట్లేదు. ఐఎస్‌బీ, ఐఐఎంల హెల్త్‌కేర్ ప్రోగ్రామ్‌లు సొంత హాస్పిటల్ ఉన్న డాక్టర్లకి, సీఈఓలకి సరిపోతాయి, ఫీజు లక్షల్లో, హాస్పిటలే కడితే వెళ్లండి. కాన్ఫరెన్సులు పరిచయాల కోసం.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది: ఈ ఏడాది ఉద్యోగం మానొద్దు. ఎన్‌ఏబీహెచ్ ట్రైనింగ్ హాస్పిటల్ ఖర్చుతో పూర్తి చెయ్. అడ్మిషన్లకి ఇంకా టైమ్ ఉంది కాబట్టి ఈలోపు నీ వార్డులో నిన్ను రోజూ ఏడిపించే సమస్య ఒకటి పట్టుకుని పదిమంది పేషెంట్లకి టైములు రాయి, ఆ కాగితం పట్టుకుని డిప్లొమా ఇంటర్వ్యూకి వెళ్లు. ఆదివారం వాట్సాప్‌లో ఫోటో పంపింది, నైట్ నుంచి మార్నింగ్‌కి హ్యాండోవర్ ఎంతసేపు పడుతోందో పెన్సిల్‌తో రాసుకుంది, ఏడుగురిది అయ్యింది, ఇంకో ముగ్గురున్నారంట.